నరసాపురం చూడాలంటే ముందు గోదావరి లెక్క తెలియాలి

పటం మీద నరసాపురం సముద్రాన్ని ఆనుకునే ఉన్నట్టు కనిపిస్తుంది. రైలు దిగి "బీచ్ ఎక్కడండీ" అని అడిగితే మాత్రం పేరుపాలెం పోవాలి, ఇరవై కిలోమీటర్ల దాకా ఉంటుందంటారు. అంతర్వేది గుడి ఎటని అడిగితే నది అవతలికి చెయ్యి చూపిస్తారు. కారులో రోడ్డు పట్టుకుని పోదామంటే అదే అంతర్వేది సుమారు యాభై కిలోమీటర్లు. పంటు, అంటే బళ్లను కూడా నది దాటించే మరపడవ, ఎక్కి అవతలికి దాటితే పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూ. ఇక్కడి గోదావరి పాయ వశిష్ఠ మీద వంతెన గురించో, కోటిపల్లి రైలు మార్గం గురించో పత్రికల్లో వార్త పడ్డప్పుడల్లా కొత్తగా రావాలనుకునే వాళ్లకు మళ్లీ అనుమానాలు మొదలవుతాయి. ఇప్పుడు ఎలా వెళ్లాలి? వెళ్తే చూడ్డానికి ఏముంది? ఏ నెలలో వెళ్లాలి?

మూడు ప్రశ్నలకూ జవాబు నది దగ్గరే ఉంది. ఊరికి ఒకప్పుడు పేరు తెచ్చిందీ, తర్వాత ఓడల్ని రానివ్వకుండా చేసిందీ, ఈ రోజుకీ ప్రయాణం ఎంతసేపు పట్టాలో తేల్చేదీ వశిష్ఠ గోదావరే. ఇక్కడికి రావడం కష్టమనిపిస్తే అందుకు కిలోమీటర్లు కారణం కాదు. ఆ పూట నది ఎలా ఉందో బయటివాళ్లకు ముందుగా తెలియకపోవడమే కారణం.

ఊరు నది ఒడ్డున, కడలి మొగ దగ్గర

ధవళేశ్వరం దిగువన గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పుకు పోయేది గౌతమి, పడమటి వైపుది వశిష్ఠ. కోనసీమలోని పి.గన్నవరం దగ్గర వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోయి ఓడలరేవు వైపు వెళ్తుంది. మిగిలిన వశిష్ఠ నరసాపురాన్ని ఒరుసుకుంటూ పారి, అంతర్వేది దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. కలిసే చోటును ఇక్కడివాళ్లు మొగ అంటారు. పట్నం నుంచి మొగకు సుమారు పది కిలోమీటర్లు. ఆ మధ్యలో వేములదీవి, బియ్యపుతిప్ప లాంటి ఊళ్లు, రొయ్యల చెరువులు, సరుగుడు తోటలు, ఉప్పునీటి కాలవలు. అందుకే పట్నంలో సముద్రపు గాలి తగులుతుంది కానీ సముద్రం కనపడదు.

ఇంకో చిక్కు పాలనలో ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక నది ఇవతల నరసాపురం పశ్చిమ గోదావరి జిల్లాలో ఉంది, దానికి కేంద్రం భీమవరం. అవతలి గట్టున ఉన్న సఖినేటిపల్లి, అంతర్వేది కోనసీమ జిల్లాలోవి, కేంద్రం అమలాపురం. నది మధ్యలో జిల్లా మారిపోతుంది. వరద సమయంలో రేవు ఆపేశారా లేదా అన్న కబురు ఒక జిల్లా విలేకరుల బృందంలో వచ్చి రెండో దానిలో రాకపోవడానికి ఇదొక కారణం. అంతర్వేది గురించి కోనసీమ వార్తలు, రైళ్ల గురించి పశ్చిమ గోదావరి వార్తలు చూడాల్సి వస్తుంది.

పేరు విషయంలో ఒక జాగ్రత్త. తెలంగాణలో మెదక్ జిల్లాలో కూడా నర్సాపూర్ ఉంది, హైదరాబాద్‌కు దగ్గర్లోనే. రైల్వే మన ఊరిని కూడా దాదాపు అదే స్పెల్లింగుతో రాస్తుంది. ఫోన్‌లో దారి వెతికేటప్పుడు, బస్సు టికెట్ తీసేటప్పుడు భీమవరమో పాలకొల్లో పక్కన కనపడితేనే అది గోదావరి నరసాపురం.

ఓడలు కట్టిన రేవు, పూడిన మొగ

17వ శతాబ్దిలో కోరమాండల్ తీరం మొత్తంలో ఓడల తయారీకి పేరున్న చోట్లలో నరసాపురం ఒకటి. 1614లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడను మరమ్మతుకు తెచ్చింది ఇక్కడికే. గోల్కొండ సుల్తానుల ఓడలు, డచ్చివారి ఓడలు, ఇంగ్లీషు కంపెనీ ఓడలు ఈ ఒడ్డున తయారయ్యాయి. కారణాలు లెక్కగా చెప్పొచ్చు. ఎగువ అడవుల కలప నది మీదుగా దిగేది. ఇనుము, మేకులు, లంగర్లు చేసే కమ్మరులు చుట్టుపక్కలే ఉండేవారు. వడ్రంగులకు కొదవలేదు. తుపాను గాలి నేరుగా తగలని లోపలి నది ఒడ్డు ఓడను నెలల తరబడి నిలబెట్టి కట్టుకోవడానికి అనుకూలం.

పట్నానికి ఆనుకుని ఉన్న మాధవాయిపాలెంలో ఇంగ్లీషువాళ్లకు వర్తక స్థావరం ఉండేది. ఆ పేరు వాళ్ల నోట్లో మాడపొల్లంగా మారి, ఇక్కడి నుంచి వెళ్లిన నూలుబట్టకు ఐరోపాలో వ్యాపార నామం అయింది. డచ్చివాళ్లు పది కిలోమీటర్ల అవతల పాలకొల్లులోనూ, ఇక్కడా ఉండేవారు. నరసాపురంలో ఇప్పటికీ ఉన్న వలందర రేవు పేరు వాళ్లదే. పుష్కరాలకు జనం స్నానం చేసేది ఈ రేవులోనే.

అంత రేవు ఎందుకు పోయింది? నది మొగ దగ్గర రెండు శక్తులు ఎదురెదురుగా పనిచేస్తాయి. అలలు ఒడ్డు వెంట ఇసుకను తోసుకొచ్చి మొగలో పోస్తాయి. నది తన ఉరవడితో దాన్ని బయటికి నెడుతుంది. వరద రోజుల్లో నది గెలుస్తుంది. మిగిలిన నెలల్లో ఇసుక గెలుస్తుంది. 1852 నాటికి కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఎండాకాలపు నీరు కాలవల్లోకి మళ్లింది, డెల్టా అన్నం తింది. కానీ ఆ నెలల్లో మొగను కడిగే నీరు తగ్గింది. అదే కాలంలో ఓడలు పెద్దవయ్యాయి, లోతు ఎక్కువ కావాల్సి వచ్చింది. పూడిన మొగ దాటి లోపలికి రాలేని ఓడ కాకినాడకు పోయింది. ఆనకట్టే రేవును చంపిందని కొందరంటారు. ఆనకట్ట లేకున్నా ఆవిరి ఓడలు ఈ మొగలోకి వచ్చేవి కావని ఇంకొందరంటారు. ఓడలు పెద్దవవడం కోరమాండల్ తీరంలో చాలా నదీముఖ రేవుల్ని ముంచింది కాబట్టి రెండో వాదనకే బరువు ఎక్కువ అనిపిస్తుంది. ఆనకట్ట ఆ పనిని తొందర చేసి ఉండొచ్చు.

చూడ్డానికి నిజంగా ఏముంది

పుదుచ్చేరి వీధుల్లాంటివి చూస్తామని వస్తే నిరాశ తప్పదు. ఓడలు కట్టిన చోట గోడ కూడా మిగల్లేదు. నది ఒడ్డు మార్చుకుంటూ పోయింది, మట్టి, కలప కట్టడాలు పోయాయి. ఈ చరిత్రను చెప్పే మ్యూజియం లేదు. మాధవాయిపాలెం రేవులో పంటు కోసం నిలబడ్డవాళ్లకు, తాము మూడున్నర శతాబ్దాల కిందటి ఓడల తయారీ చోట ఉన్నామని చెప్పే బోర్డు ఒకటుంటే ఊరికి ఎంతో మేలు. దానికయ్యే ఖర్చు కూడా తక్కువే.

మిగిలింది బతికున్న చరిత్ర. అందులో ముఖ్యమైనది లేసు. 1844లో భద్రాచలం ఎగువన దుమ్ముగూడెంలో మాక్రే అనే మిషనరీ దంపతులు అక్కడి ఆడవాళ్లకు నేర్పిన అల్లిక గోదావరి దిగి నరసాపురం, పాలకొల్లు పల్లెల్లో ఇంటింటి పనైంది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఈ ప్రాంతంలో చేతితో అల్లినదాన్నే ఆ పేరుతో అమ్మాలి.

పని దగ్గర నుంచి చూస్తే ఇలా ఉంటుంది. ఎడమ చూపుడువేలికి నూలు దారం చుట్టి, కుడిచేతిలో కొన వంగిన సన్నని సూది పట్టుకుని ముందు గొలుసు కుట్టు వేస్తారు. గొలుసును గుండ్రంగా కలిపి, దాని చుట్టూ వరస మీద వరస పెంచుతారు. అరచేయంత పువ్వు ఒకటి తయారవుతుంది. ఒకరు పువ్వులల్లితే ఇంకొకరు అతుకుపని చేస్తారు, అంటే పదుల కొద్దీ ముక్కల్ని అంచులు కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో చేయడం. నేర్పంతా అతుకులోనే ఉంది. అతుకు బిగిస్తే గుడ్డ మధ్యలో ఉబ్బుతుంది, వదిలేస్తే మొదటి ఉతుకుకే సాగుతుంది. కొనేముందు గుడ్డను చదునైన చోట పరిచి చూస్తే ఈ రెండు లోపాలూ వెంటనే తెలుస్తాయి. తిరగేసి చూస్తే చేతిపనిలో దారం కొసలు కుట్టులోకి దూర్చి దాచి ఉంటాయి. మిషన్ లేసుకు అంచున కత్తిరించిన పోగులు కనపడతాయి.

చిక్కేమిటంటే ఈ పని దుకాణాల్లో జరగదు, ఇళ్ల అరుగుల మీద జరుగుతుంది. ముక్కలు ఏజెంటు తీసుకుపోతాడు, ఎగుమతిదారు కొంటాడు, అల్లినావిడకు చివరి కొనుగోలుదారు ఎవరో తెలియదు. సందర్శకులు చూసి కొనడానికి సీతారాంపురం దగ్గరి లేసు పార్కు లాంటి ఒకటి రెండు చోట్లే ఉన్నాయి. నరసాపురానికి పర్యాటకులు రావాలని నిజంగా అనుకుంటే మొదట పెరగాల్సింది ఇలాంటి చోట్లే. అక్కడ అమ్మిన ధరలో అల్లిన చేతికి వెళ్లే వాటా మధ్యవర్తుల దారిలో కంటే ఎక్కువ ఉండే వీలుంది.

అంతర్వేది గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. లక్ష్మీనరసింహస్వామి ఇప్పటి ఆలయం 1823లో బెండమూర్లంకకు చెందిన కొపనాతి కృష్ణమ్మ పూనికతో పూర్తయింది. మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, భీష్మ ఏకాదశి నాడు రథోత్సవం. పాత రథం 2020 సెప్టెంబరులో కాలిపోయాక కొత్తది చేసి 2021 నుంచి లాగుతున్నారు. గుడికి దగ్గర్లో అన్నాచెల్లెళ్ల గట్టు ఉంది. నదీ సముద్రమూ కలిసే చోట ఇసుక తిన్నె అది. సముద్రం వెనక్కి లాగే పాటు సమయంలో బాగా కనపడుతుంది, నీరు ఎక్కే పోటు మీద నీళ్లు కమ్మేస్తాయి. "చూశాం, ఏమీ లేదు" అని వచ్చేవాళ్లలో ఎక్కువ మంది పోటు మీద వెళ్లినవాళ్లు.

రైలు ఉంది, వంతెన ఉంది, మరి కష్టమెక్కడ

నరసాపురం రైలు మార్గానికి చివరి స్టేషను. విజయవాడ వైపు నుంచి గుడివాడ, భీమవరం మీదుగా, రాజమహేంద్రవరం వైపు నుంచి నిడదవోలు మీదుగా రైళ్లు ఇక్కడికొచ్చి ఆగిపోతాయి. హైదరాబాద్ నుంచి రాత్రి ఎక్కితే పొద్దున్నకు దిగొచ్చు. చివరి స్టేషను కావడం ముసలివాళ్లకు మంచిదే, దిగడానికి తొందర ఉండదు. విమానంలో వచ్చేవాళ్లకు రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడి, విజయవాడ దగ్గరి గన్నవరం రెండూ అందుబాటులోవే. అక్కడి నుంచి కాలవగట్ల రోడ్ల మీద రావాలి.

రోడ్డు మార్గానికి వెన్నెముక 216వ నంబరు జాతీయ రహదారి. కత్తిపూడి నుంచి కాకినాడ, యానాం, అమలాపురం మీదుగా వచ్చి, దిండి చించినాడ వంతెన మీద వశిష్ఠను దాటి, దిగమర్రు, నరసాపురం, మొగల్తూరు మీదుగా మచిలీపట్నం వైపు పోతుంది. అంటే నరసాపురం పట్నం వరకు రావడంలో కష్టమేమీ లేదు. కష్టమంతా నరసాపురం నుంచి నది అవతలికి వెళ్లడంలో ఉంది. దగ్గరి వంతెన చించినాడది, అది ఎగువన పాలకొల్లు దాటాక వస్తుంది. అక్కడికి ఎగబాకి, అవతల రాజోలు, మలికిపురం మీదుగా మళ్లీ కిందికి దిగాలి.

పంటు ఎలా నడుస్తుంది, ఎందుకు ఆగుతుంది

పంటు అంటే రెండు పడవల్ని పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, మరతో నడిపేది. మనుషులు, సైకిళ్లు, మోటారుసైకిళ్లు, ఆటోలు, కార్లు అన్నీ ఒకే బల్ల మీద. మాధవాయిపాలెం రేవు నుంచి సఖినేటిపల్లి రేవుకు దాటడం నీరు బాగుంటే పది పదిహేను నిమిషాల పని. మోటారుబళ్లు ముందు ఎక్కిస్తారా, కారు ముందా అన్నది బరువు లెక్క. కారు మధ్యలో నిలబడితే రెండు పడవల మీదా భారం సమంగా పడుతుంది, ఓ పక్కకు జరిగితే పంటు ఒరుగుతుంది. అందుకే పంటువాళ్లు కారును అటు జరుపు ఇటు జరుపు అని అరుస్తుంటారు. కారులోంచి మనుషుల్ని దింపేసి చక్రాలకు అడ్డు పెట్టడం కూడా భద్రత కోసమే.

ఆగిపోవడానికి కారణాలు నాలుగైదు ఉన్నాయి. అన్నింటిలోకీ ఎక్కువసార్లు వచ్చేది ఇసుక మేట. సముద్రపు పోటు మొగ నుంచి నరసాపురం దాకా ఎక్కుతుంది. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒకరోజు పొద్దున 7 గంటలకు పోటు ఉంటే మర్నాడు 8కి దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే చంద్రుడి లెక్కతో రోజుకు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్య, పున్నమి దగ్గర పోటు ఎక్కువ, పాటూ ఎక్కువే. నీరు బాగా లాగేసిన పాటులో పంటు నేరుగా పోలేదు, మేటల్ని తప్పించుకుంటూ చుట్టు తిరగాలి. ఒడ్డున బల్లకూ గట్టుకూ మధ్య ఎత్తు తేడా వస్తుంది. కింద తగిలే కార్లు అప్పుడు ఎక్కలేవు. ఎండాకాలం చివర్లో, వరద ఇంకా రాని జూన్‌లో ఈ ఇబ్బంది ఎక్కువ.

రెండోది పొగమంచు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున నది మీద ఎదుటి గట్టు కనపడదు, ఎండ వచ్చేదాకా పంటు కదలదు. మూడోది గాలి, వాయుగుండం హెచ్చరికలు.

నాలుగోది వరద. ఇది రోజుల తరబడి ఆపేస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి 10 లక్షల క్యూసెక్కులు దిగువకు పోతుంటే ఒకటో ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులు, 13 లక్షలకు రెండోది. 17.75 అడుగులు, 17 లక్షలకు మూడోది. ఒకటో హెచ్చరిక రాకముందే ఉరవడి చూసి రేవు ఆపేయడం మామూలు. దీనికంటే ముందు సూచన భద్రాచలంలో దొరుకుతుంది. అక్కడ 43, 48, 53 అడుగులకు మూడు హెచ్చరికలు. ఆ నీరు ధవళేశ్వరం చేరడానికి ఒక రోజుకు అటూ ఇటూ పడుతుంది. అంటే భద్రాచలంలో 43 దాటిందని వార్త విన్నవాళ్లకు తమ ప్రయాణం మార్చుకోవడానికి దాదాపు ఒక రోజు వ్యవధి ఉంటుంది. వరద పున్నమి పోటుతో కలిసిందంటే సముద్రం నీటిని తీసుకోదు. పైన వరద తగ్గినా నరసాపురం దగ్గర మట్టం నెమ్మదిగా దిగుతుంది.

పులస కూడా ఈ రోజుల్లోనే వస్తుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనీరు సముద్రంలో కలిసినప్పుడు ఆ చేప నదిలోకి ఎదురెక్కుతుంది. పులస తినాలని వచ్చేవాళ్లు, అదే ప్రయాణంలో పంటు మీద అంతర్వేది వెళ్లాలనుకుంటే కుదరని రోజులు చాలా ఉంటాయి.

లెక్క వేసి చూస్తే

హైదరాబాద్ నుంచి రాత్రి రైల్లో వచ్చి, కారు లేకుండా అంతర్వేది వెళ్లే ఇద్దరిని తీసుకుందాం. స్టేషను నుంచి రేవుకు ఆటోలో 10–15 నిమిషాలు. పంటు నిండేదాకా 15–20 నిమిషాలు. దాటడానికి 15. అవతల ఆటోలో లేదా బస్సులో అంతర్వేదికి అరగంట నుంచి 40 నిమిషాలు. మొత్తం గంటన్నర లోపే. రోడ్డు దారిలో బస్సులు మారుతూ వెళ్తే పాలకొల్లు, రాజోలు దగ్గర ఎదురుచూపులతో కలిపి మూడు గంటలు తేలిగ్గా దాటుతుంది. వీళ్లకు పంటే దారి.

ఇప్పుడు కారులో వచ్చిన కుటుంబం. చించినాడ వంతెన మీదుగా 50 కిలోమీటర్లు. ఊళ్ల మధ్య రోడ్డు కాబట్టి గంటకు 35 చొప్పున వేసుకున్నా దాదాపు గంటన్నర. పంటు దారిలో కారు వంతు వచ్చేదాకా నిలబడటం, ఎక్కించడం, దించడం కలిపితే వాళ్లకూ గంటా పావు, గంటన్నర అవుతుంది. దూరం మూడో వంతుకు తగ్గినా కాలం పెద్దగా తగ్గలేదు. పండగ రోజుల్లో కార్ల వరస పెరిగితే రోడ్డే ముందు చేరుస్తుంది. నది దాటడం ఒక అనుభవంగా కావాలనుకుంటే తప్ప కారువాళ్లకు పంటు వల్ల లాభం లేదు.

ఈ చిన్న లెక్కలో వంతెన గొడవ సగం విడిపోతుంది.

వంతెన, రైలు: ఎవరి మాట ఏమిటి

సఖినేటిపల్లి, నరసాపురం మధ్య వంతెన డిమాండు దశాబ్దాల నాటిది. శంకుస్థాపనలు కూడా ఒకటికి మించి జరిగాయి. వంతెన కావాలనేవాళ్లు చెప్పేది పర్యాటకం కంటే ముందు ప్రాణాల మాట. అవతలి ఊళ్లవాళ్లకు ఆసుపత్రులు, కాలేజీలు, రైలు అన్నీ నరసాపురంలోనే దగ్గర. రాత్రి నొప్పులొచ్చిన మనిషిని పంటు కోసం ఆపలేరు. వరద పది రోజులుంటే పది రోజులూ బడి పిల్లలకు చదువు లేదు. సందేహించేవాళ్లు అడిగేది ఎగువన చించినాడ వంతెన ఉండగా, మెత్తటి ఒండ్రు మీద, సముద్రానికి ఇంత దగ్గర్లో, ఇంకో పెద్ద వంతెన ఖర్చు ఎలా గిట్టుబాటవుతుందని. పంటు మీద బతికేవాళ్ల సంగతేమిటన్నది మూడో ప్రశ్న.

సందర్శకుల కోసం వంతెన అన్న వాదన బలహీనమైనదని పై లెక్కే చూపిస్తుంది. వాళ్లకు ఏడాదికో రోజు గంట ఆదా అవుతుంది. రోజూ దాటేవాళ్లకు అది జీవితకాలపు లెక్క. వంతెనను పర్యాటక పథకంగా కాకుండా వాళ్ల హక్కుగా చూస్తేనే ఖర్చు సబబుగా కనిపిస్తుంది.

రైలు కథ ఇంకా పాతది. కాకినాడ నుంచి కోటిపల్లికి 45 కిలోమీటర్ల మార్గం 1928లో వేశారు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో పట్టాలు పీకేశారు, 2004లో మళ్లీ రైలు నడిచింది. దాన్ని కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి 57 కిలోమీటర్లు పొడిగించే పథకం 2000–01లో మంజూరైంది. అప్పటి లోక్‌సభ స్పీకర్ బాలయోగి పట్టుదల దాని వెనుక ఉంది. నత్తనడక ఎందుకంటే ఈ చిన్న మార్గం గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటినీ దాటాలి. మూడు పెద్ద వంతెనలకు తోడు కొబ్బరితోటల్లో భూసేకరణ, రాష్ట్రం వాటా నిధులు. పూర్తయితే నరసాపురం చివరి స్టేషను కాకుండా పోతుంది, కాకినాడ నుంచి తీరం వెంట రైల్లో రావచ్చు. "రైలు వచ్చేసిందట" అని విని కోనసీమ మీదుగా టికెట్ వెతికేవాళ్లు ముందు చూడాల్సింది ప్రయాణికుల రైలు మొదలైందా అన్నది. స్తంభాలు లేవడానికీ రైలు నడవడానికీ మధ్య ఏళ్లు పడుతుంది.

ఒడ్డున బసలు ఎందుకు తక్కువ

పేరుపాలెం, అంతర్వేది ఒడ్డున పెద్ద హోటళ్లు ఎందుకు లేవని చాలామంది అడుగుతారు. డబ్బు పెట్టేవాళ్లు లేకపోవడం ఒక కారణమే కానీ, తీర నియంత్రణ మండలి నిబంధనలు ఇంకో కారణం. 2019 ప్రకటన ప్రకారం పల్లె తీరంలో జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2161 దాటిన చోట పోటు గీత నుంచి 50 మీటర్లు, అంతకంటే తక్కువున్న చోట 200 మీటర్లు కొత్త కట్టడాలకు వీల్లేని మేర. పోటు ఎక్కే నదీపాయల ఒడ్డున 50 మీటర్లు లేదా పాయ వెడల్పు, ఏది తక్కువైతే అది ఈ నియంత్రణ మేర. ఉప్పదనం ఎంత దూరం ఎక్కుతుందో ఎండు నెలల్లో కొలిచి ఆ హద్దు గీస్తారు. నరసాపురం ముందు నదికి ఆ ఉప్పు తగులుతుంది.

ఉపాధి రావాలంటే నిబంధనలు సడలించాలని ఒక వాదన. ఒడ్డు నిలబడటం లేదు చూడండని ఇంకో వాదన. పెదమైనవానిలంక దగ్గర, అంతర్వేది పల్లిపాలెం దగ్గర సముద్రం ముందుకొస్తోంది. ఎగువ ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోవడంతో డెల్టాకు రావాల్సిన మట్టి తగ్గింది, కోసుకుపోయిన చోట మళ్లీ పూడటం లేదు. తుపాన్ల దారి కూడా ఇదే. 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరిని నేలకూల్చింది ఒకటైతే, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం సమీపంలోనే తీరం దాటింది. ఇలాంటి ఒడ్డు మీద కట్టిన బసకు ఆయుష్షు ఎంతన్నది పెట్టుబడిదారే మొదట ఆలోచించాలి. బస పాలకొల్లు, నరసాపురం, భీమవరాల్లో పెట్టి, ఒడ్డుకు పగలు వెళ్లి రావడం నేలకూ మనుషులకూ క్షేమం. ఇప్పుడు జరుగుతున్నదీ అదే.

నీళ్లలోకి దిగడం గురించి ఒక మాట. కార్తీకమాసం వనభోజనాల్లో పేరుపాలెంలో మనుషులు కొట్టుకుపోయిన వార్తలు పడుతుంటాయి. ఒడ్డుకు వచ్చిన అలల నీరు ఇసుక మేటల మధ్య సందుల్లోంచి ఒక్కచోటుగా వెనక్కి లాగుతుంది. ఆ సందులో అలలు విరగవు, నీరు నునుపుగా, ప్రశాంతంగా కనిపిస్తుంది, అందుకే పిల్లలు అక్కడే దిగుతారు. చిక్కుకున్నవాళ్లు ఒడ్డుకు ఎదురీదితే అలిసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా ఈదితే లాగుడు నుంచి బయటపడొచ్చు. మొగ దగ్గర నది ఉరవడి కూడా కలుస్తుంది కాబట్టి అక్కడ స్నానం ఇంకా ప్రమాదం.

పెద్దవాళ్లతో, చక్రాల కుర్చీతో

పంటులో నడిచి ఎక్కేవాళ్లకు అడ్డంకి ఒక్కటే, గట్టుకూ బల్లకూ మధ్య వేసే పలక. పోటు మీద అది దాదాపు చదును. పాటు మీద ఏటవాలు ఎక్కువ, తడి ఉంటే జారుతుంది. చక్రాల కుర్చీని పోటు సమయంలో ఇద్దరు పట్టుకుంటే ఎక్కించవచ్చు. బల్ల మీద నీడ, కూర్చునే చోటు తక్కువ. వలందర రేవులో మెట్లు ఏటవాలుగా ఉంటాయి, అడుగు మెట్లకు నాచు. అంతర్వేది గుడి దాకా కారు వెళ్తుంది, సంగమం వైపు మాత్రం ఇసుకలో నడక.

కాబట్టి ఎనభై ఏళ్ల అమ్మమ్మతో విజయవాడ నుంచి వచ్చే కుటుంబానికి నప్పే లెక్క ఇలా తేలుతుంది. రైల్లో నరసాపురం, మాట్లాడుకున్న కారులో చించినాడ మీదుగా అంతర్వేది, మధ్యాహ్నం గుడి మూసేలోపు దర్శనం. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఎండ తక్కువ, వరద ఉండదు. భీష్మ ఏకాదశి చుట్టూ ఉన్న మూడు నాలుగు రోజులు మాత్రం జనం కిక్కిరిసి బళ్లు దూరంగా ఆపేస్తారు, నడక పెరుగుతుంది. తిరుగు ప్రయాణంలో అమ్మమ్మను కారులోనే సఖినేటిపల్లి రేవు దాకా తీసుకెళ్లి నదిని చూపించొచ్చు. ఆ గంటలో పోటు ఉండి, పలక చదునుగా ఉంటే, కారును రోడ్డు దారిన పంపి ఆవిడతో పంటు మీద దాటొచ్చు. ఆ రోజు పోటు ఎన్ని గంటలకో రేవులో పంటు నడిపే సరంగును అడిగితే చెప్తాడు.